‘ఒక్క సీజన్ వాడినది, నో రిపేర్’ అని ప్రకటనలో రాసి, రీవైండింగ్ చేసిన బోరు మోటారు అమ్మారు: ఆ మాటలకు విలువ ఉందా?

ప్రశ్న: బత్తాయి రైతు, కొండమల్లేపల్లి దగ్గర

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా. నాలుగెకరాల బత్తాయి తోట ఒక్క బోరు మీద ఆధారపడి ఉంది. ఏప్రిల్ రెండో వారంలో మోటారు కాలిపోయింది. పిందె ఉసిరికాయంత ఉన్న సమయం కావడంతో నాలుగు రోజులు నీళ్లు ఆగినా రాలిపోతుందన్న భయం పట్టుకుంది. కొత్త సెట్టుకు చేతిలో డబ్బు సరిపోక, ఆన్‌లైన్‌లో పాత వస్తువులు అమ్మే చోట వెతికాను. జడ్చర్ల వైపు నుంచి పెట్టిన ఒక ప్రకటన కనిపించింది. దానిని ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ రాస్తున్నాను.

‘5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ మోటారు, పంపుతో సహా. ప్యూర్ కాపర్. ఒక్క సీజన్ మాత్రమే వాడినది. నో రిపేర్. షోరూం కండిషన్. బోరు ఎండిపోయినందున అమ్ముతున్నాము. రన్నింగ్‌లో చూసుకుని తీసుకోవచ్చు.’

దానితో పాటు మూడు ఫొటోలు, ఒక చిన్న వీడియో ఉన్నాయి. ఒక ఫొటోలో మోటారు ఒళ్లు అద్దంలా మెరుస్తోంది. ఇంకొక దానిలో నేమ్ ప్లేటు కనిపిస్తోంది కానీ, పట్టుకున్న మనిషి బొటనవేలు సరిగ్గా సీరియల్ నంబరు మీద పడింది. అది అనుకోకుండా పడిందని అప్పుడు అనుకున్నాను. వీడియోలో మోటారును వాకిట్లో పడుకోబెట్టి స్విచ్ వేశారు, అది తిరిగింది.

నేను, మా బావమరిది కలిసి వెళ్లి చూశాము. అక్కడ కూడా నేల మీదనే కొన్ని సెకన్లు నడిపించి చూపించారు. ఎప్పుడైనా విప్పించారా అని నేను సూటిగా అడిగితే, స్పానర్ కూడా తగల్లేదని చెప్పారు. 16,000 చెప్పిన ధరను 13,500కు ఒప్పించి, ఫోన్‌లోనే డబ్బు పంపి, ట్రాలీ ఆటోలో తెచ్చుకున్నాము. 14 పైపులు, అంటే 280 అడుగులు దింపాము. వారం రోజులు నీళ్లు బాగానే పోసింది. తొమ్మిదో రోజు నుంచి స్టార్టర్ పడిపోవడం మొదలైంది. పదకొండో రోజు పూర్తిగా ఆగిపోయింది. మళ్లీ కూలీలను పెట్టి పైకి తీయించాను. మా మెకానిక్ విప్పి, ఇది కంపెనీ వైండింగ్ కాదని, ఇంతకు ముందే రీవైండింగ్ అయిన, అంటే లోపలి పాత తీగ తీసి కొత్తది చుట్టిన మోటారని, షాఫ్టును పట్టి ఉంచే బుష్‌లు అరిగిపోయి ఉన్నాయని చెప్పాడు.

అమ్మిన ఆయనకు ఫోన్ చేస్తే, ‘మీరు చూసుకుని, నడిపించుకుని తీసుకెళ్లారు, నేను రన్నింగ్ అని రాశాను, అది నడిచింది’ అన్నాడు. మరుసటి రోజు చూస్తే ప్రకటనలో ‘ఒక్క సీజన్’, ‘నో రిపేర్’ అన్న మాటలు లేవు. ఆ తర్వాత ప్రకటన మొత్తమే కనిపించలేదు. కొనే ముందు దాని స్క్రీన్‌షాట్ బావమరిదికి పంపి ఉండడం వల్ల నా దగ్గర ఆ మాటలు మిగిలాయి.

నేను అడగదలచినవి ఇవి. ఇలాంటి మాటలను ఎలా అర్థం చేసుకోవాలి? చూసుకుని కొన్నాను కాబట్టి నాకు హక్కు పోయినట్టేనా? తోటకు ఎలాగో పక్క బోరు నుంచి నీళ్లు పెడుతున్నాను కానీ, మోసపోయానన్న బాధ మాత్రం తగ్గడం లేదు.

జవాబు: వైండింగ్ షాపు, దేవరకొండ

అన్నా, నేను 22 ఏళ్లుగా మోటార్లు కడుతున్నాను. మీరు పెట్టిన ప్రకటనను రెండు మూడు సార్లు చదివాను. మీ దృష్టి ‘షోరూం కండిషన్’ మీద పడింది. నాకైతే ‘బోరు ఎండిపోయినందున అమ్ముతున్నాము’ అన్న వాక్యమే కంట్లో పడింది. బోరు ఒక్క రోజులో ఎండిపోదు. ముందు ఆగి ఆగి పోస్తుంది, తర్వాత నీళ్లతో పాటు గాలి వస్తుంది, రైతు గంట ఆపి మళ్లీ వేస్తాడు, ఇలా కొన్ని వారాలు గడిచాకే ఆశ వదులుకుంటాడు. ఆ వారాలన్నీ మోటారు అర్ధాకలితో పనిచేసినట్టే. దాని చుట్టూ పారే నీరే దాన్ని చల్లబరుస్తుంది, పంపులోని బుష్‌లకు ఆ నీరే నూనె లాంటిది. నీరు లేకుండా తిరిగితే వైండింగ్ వేడెక్కుతుంది, బుష్‌లు అరుగుతాయి. అమ్మకానికి చెప్పిన కారణం నిజమే అయితే, ఆ మోటారు ‘షోరూం కండిషన్’లో ఉండే అవకాశం చాలా తక్కువ. చాలామంది ఆ వాక్యాన్ని చదివి, మోటారులో లోపం లేదు, పాపం బోరే పోయిందని జాలిపడి కొంటారు.

ఇక ‘ఒక్క సీజన్’ సంగతి. మన దగ్గర వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. అంతకు ముందు కరెంటు ఇచ్చే గంటలు తక్కువగా ఉండేవి కాబట్టి, సీజన్ అంటే మోటారు ఎన్ని గంటలు తిరిగి ఉంటుందో నేను వేళ్ల మీద లెక్క చెప్పేవాణ్ణి. ఇప్పుడు యాసంగి వరికి ఆటో స్టార్టర్ పెట్టి వదిలేసిన మోటారు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటుంది. డ్రిప్పు మీద బత్తాయి తోటకు నడిచిన మోటారుకు, వరి మడికి నడిచిన మోటారుకు ఒకే సీజన్‌లో ఎంతో తేడా వస్తుంది. అందుచేత ఎన్ని సీజన్లు అని కాకుండా, ఏ పంటకు, ఎన్ని ఎకరాలకు, ఎన్ని అడుగుల లోతులో, ఆటో స్టార్టర్ ఉందా లేదా అని అడగాలి. నిజంగా వాడిన మనిషి వెంటనే చెబుతాడు. ఎక్కడో కొని అమ్మే మనిషి ఆగి ఆలోచిస్తాడు.

‘ప్యూర్ కాపర్’ అన్న మాట కూడా అంతే. నేను రీవైండింగ్ చేసిన మోటారులో ఉన్నదీ కాపరే. ఆ మాట అబద్ధం కాదు కానీ, మీరు తెలుసుకోవలసిన సంగతిని అది చెప్పదు. మీరు అడగవలసింది కంపెనీ వైండింగా, చేతి వైండింగా అని. ఇక్కడ నా వృత్తి తరఫున ఒక మాట చెప్పాలి. రీవైండింగ్ అయిన మోటారు చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. మంచి తీగ వేసి, చుట్లు తగ్గించకుండా, స్లాటుల్లో ఇన్సులేషన్ సరిగా పెట్టి కడితే అది ఏళ్ల తరబడి నడుస్తుంది. నేను కట్టినవి అలా నడుస్తున్నాయి. ఆ సంగతి చెప్పి, ఆ ధరకే అమ్మాలి. రీవైండింగ్ మోటారును కొత్త మోటారు పక్కన నిలబెట్టి ధర అడగడమే తప్పు.

నేల మీద తిప్పి చూపించడం గురించి కూడా చెబుతాను. లోడు లేకుండా షాఫ్టు తిరుగుతుందని తప్ప, దాని వల్ల ఏమీ తెలియదు. పైగా పంపు బిగించి ఉండగా పొడిగా తిప్పితే కొన్ని సెకన్లలోనే బుష్‌లకు దెబ్బ తగులుతుంది. మీరు అక్కడ నడిపించడం కూడా దానికి మేలు చేసి ఉండదు, ఈ మాట అన్నందుకు ఏమీ అనుకోకండి. చూడాలనుకుంటే సంపులో గానీ పెద్ద డ్రమ్ములో గానీ ముంచి, పైపు తగిలించి నీళ్లు పోయించి, ఆ సమయంలో క్లాంప్ మీటరుతో మూడు ఫేజుల ఆంపియర్లు చూసి, నేమ్ ప్లేటు మీద రాసిన అంకెతో పోల్చాలి. మూడింటిలో ఒకటి మిగతా వాటి కంటే బాగా ఎక్కువగా ఉంటే అక్కడే ఆగిపోవాలి. కొనే ముందు మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూడడానికి మెకానిక్‌కు పది నిమిషాలు చాలు. మూడు తీగలను రెండేసి చొప్పున పట్టి రెసిస్టెన్స్ చూస్తే మూడు కొలతలూ సమానంగా రావాలి.

మీటరు లేని మనిషి కూడా చూడగలిగేవి కొన్ని ఉన్నాయి. బోల్టుల మూలలు చూడండి. కంపెనీ నుంచి వచ్చిన బోల్టుకు ఆరు మూలలూ పదునుగా ఉంటాయి, ఒకసారి విప్పి బిగించిన దానికి మూలలు అరిగి తెల్లబడతాయి. స్పానర్ తగల్లేదని చెప్పిన మోటారుకు ఆ గుర్తులు ఉన్నాయా అని ఇప్పుడైనా చూసి ఫొటో తీసి పెట్టండి. నీరు లోపలికి వెళ్లే జల్లెడను చూడండి. మన నల్గొండ నీళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. ఒళ్లును ఎమరీ పేపరుతో రుద్ది మెరిపించవచ్చు కానీ, జల్లెడ వెనుక పేరుకున్న తెల్లటి ఉప్పు పొరను పూర్తిగా తీయడం కష్టం. పొర గోటితో గీకితే రాలేంత పలుచగా ఉందా, స్క్రూడ్రైవర్‌తో పొడిచినా రానంత గట్టిగా ఉందా అన్నది చాలు, ఒక్క సీజనా కాదా అని నాకు అర్థమవుతుంది. నేమ్ ప్లేటు మీద సీరియల్ నంబరు పూర్తిగా కనిపించాలి, దాన్ని బట్టి కంపెనీ డీలరు ఎప్పుడు తయారైందో చెప్పగలుగుతాడు. వేలు అడ్డం పడిన ఫొటో చూస్తే ఇంకొక ఫొటో పంపమని అడగండి. పంపకపోతే వదిలేయండి.

చివరిగా ఒక ముఖ్యమైన సంగతి. పదకొండు రోజుల్లో కాలిపోవడానికి పాత వైండింగే కారణమని ఇప్పుడే తేల్చి చెప్పలేము. ఒక ఫేజు పోయినా, ఓల్టేజీ పడిపోయినా, దింపే ముందు మోటారులో నీళ్లు నింపకపోయినా అదే జరుగుతుంది. కానీ అంతకు ముందు రీవైండింగ్ అయిందా లేదా అన్నది వేరే ప్రశ్న, దానికి సాక్ష్యం ఆ తీగలోనే ఉంది. దయచేసి ఇప్పుడే మళ్లీ వైండింగ్‌కు ఇవ్వకండి. విప్పిన దాన్ని విప్పినట్టే ఉంచి, ఫొటోలు తీసి, మీ మెకానిక్ చేత తేదీ వేసి, తాను ఏమి చూశాడో కాగితం మీద రాయించుకోండి.

జవాబు: న్యాయవాది, నల్గొండ

పై జవాబులో చివరి పేరా చాలా విలువైనది. దానికి చట్టం వైపు నుంచి కొంత చేరుస్తాను.

చూసుకుని కొన్నారు కాబట్టి హక్కు పోయిందన్నది పూర్తిగా నిజం కాదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం, ఒక వర్ణనను బట్టి వస్తువు అమ్మినప్పుడు ఆ వస్తువు ఆ వర్ణనకు సరిపోవాలి. ఈ నియమం దుకాణదారుకే కాదు, మామూలు మనిషికి కూడా వర్తిస్తుంది. అయితే వర్ణన అంటే ఏమిటన్న దగ్గరే చిక్కు వస్తుంది. ‘షోరూం కండిషన్’, ‘సూపర్’, ‘కొత్తదానిలాగే ఉంది’ అన్న మాటలు అమ్మేవారి పొగడ్తలు, వాటిని నిజమనీ అబద్ధమనీ నిరూపించలేము. ‘ఒక్క సీజన్ వాడినది’, ‘నో రిపేర్’ అన్నవి అలా కాదు. అవి జరిగినవో జరగనివో తేల్చగల సంగతులు. మీ కేసంతా ఈ రెండు మాటల మీద, మీరు నోటితో అడిగినప్పుడు ఆయన ఇచ్చిన సమాధానం మీద నిలబడుతుంది. మీ బావమరిది అక్కడ ఉండి విన్నాడు కాబట్టి ఆయన సాక్షి అవుతాడు.

కొనేవారు పరీక్షించి చూసినప్పుడు, ఆ పరీక్షలో బయటపడవలసిన లోపాల గురించి తర్వాత ఫిర్యాదు చేయలేరని అదే చట్టంలోని 16వ సెక్షన్ చెబుతుంది. అది వస్తువు నాణ్యత గురించిన మాట. నేల మీద కొన్ని సెకన్లు తిప్పితే లోపలి వైండింగ్ బయటపడదు కదా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో కూడా, మామూలు శ్రద్ధతో నిజం తెలుసుకోగలిగే అవకాశం ఉంటే ఒప్పందాన్ని రద్దు చేయమని అడగలేరన్న మినహాయింపు ఉంది. అయితే ఆ మినహాయింపు పొరపాటున చెప్పిన తప్పుడు మాటకు, మోసపూరితమైన మౌనానికి సంబంధించినది. తెలిసి తెలిసి నోరు తెరిచి చెప్పిన అబద్ధానికి అది అడ్డుగా నిలబడదు. అందుకే ఆయనకు ఆ సంగతి తెలుసా లేదా అన్నది ముఖ్యం అవుతుంది. మీరు ఫోన్ చేసిన మరుసటి రోజే ఆ రెండు మాటలు మాత్రమే ప్రకటన నుంచి తీసేయడం ఆ విషయంలో మీకు అనుకూలంగా కనిపిస్తోంది.

వస్తువును తీసుకుని వాడేశారు కాబట్టి మొత్తం డబ్బు వెనక్కి రావడం కష్టం కావచ్చు. కానీ వర్ణన ప్రకారం ఉంటే దాని విలువ ఎంత, ఉన్న స్థితిలో విలువ ఎంత అన్న తేడాను, దింపడానికీ తీయడానికీ అయిన ఖర్చునూ అడగడానికి ఆధారం ఉంది.

ఎక్కడ అడగాలన్నది అమ్మిన మనిషి ఎవరన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆయన నిజంగా తన పొలంలోని మోటారును అమ్ముకున్న రైతే అయితే వినియోగదారుల కమిషన్ పరిధిలోకి రాదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. ఆయన పాత మోటార్లు కొని అమ్మే వ్యాపారి అయితే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 వర్తిస్తుంది. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు కూడా అలాగే ఉన్నాయి. వర్ణనలూ ఫొటోలూ వస్తువు అసలు లక్షణాలకు సరిపోవాలని, వర్ణనకు సరిపోని వస్తువును వెనక్కి తీసుకోవడానికి నిరాకరించకూడదని అవి అమ్మేవారికి చెబుతాయి. అయితే వ్యాపారంగా కాకుండా సొంత హోదాలో ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తిని వాటి నుంచి మినహాయించారు. కాబట్టి ఆ అమ్మకందారు ఖాతాలో ఇంకా ఎన్ని మోటార్లు, స్టార్టర్లు, కేబుళ్లు అమ్మకానికి ఉన్నాయో ఈ రోజే చూసి స్క్రీన్‌షాట్లు తీయండి. ఒకే మనిషికి ఆరు బోర్లు ఒకే వేసవిలో ఎండిపోవు.

మీరు రైతు కాబట్టి వినియోగదారు కారని ఎవరైనా వాదిస్తే భయపడకండి. సొంతంగా పనిచేసి బతుకుతెరువు సంపాదించుకోవడానికి కొన్న వస్తువు వాణిజ్య అవసరం కిందికి రాదని చట్టమే వివరిస్తోంది. విత్తనాల విషయంలో 2012లో సుప్రీంకోర్టు కూడా రైతులను వినియోగదారులుగానే చూసింది. కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరు నివసించే జిల్లాలోనే, అంటే నల్గొండలోనే వేయవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. ముందుగా 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి నమోదు చేయించండి. 13,500 కోసం కోర్టుల చుట్టూ తిరగలేమనుకుంటే, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇచ్చి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో రాజీకి పిలిపించవచ్చు. నా అనుభవంలో ఇంత మొత్తానికి అదే సరైన దారి. పోలీసుల దగ్గరికి మొదటే వెళ్లమని నేను చెప్పను. మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపగలిగితేనే అది నేరం అవుతుంది, లేకపోతే సివిల్ తగాదా అని పంపేస్తారు.

జవాబు: అచ్చంపేట

నేను వ్యాపారిని కాను. రెండేళ్ల కింద మా నాన్నగారు పొలం కౌలుకు ఇచ్చిన తర్వాత రెండు మోటార్లు, ఒక పవర్ స్ప్రేయర్ ఇలాగే ఆన్‌లైన్‌లో అమ్మాను. అమ్మేవారి వైపు నుంచి ఒక మాట చెప్పాలనిపించింది.

ప్రకటన పెట్టేటప్పుడు ‘కొత్తదానిలా ఉంది’, ‘బాగుంది’, ‘ఫర్వాలేదు’ లాంటి మూడు నాలుగు గడులు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటారు. పుస్తకానికి, ఫోన్‌కు, కుర్చీకి, బోరు మోటారుకు అవే గడులు. రీవైండింగ్ అయిందా అన్న గడి లేదు. మొదటిసారి నేను కూడా ‘బాగుంది’ అని నొక్కాను, అబద్ధం ఆడుతున్నానని నాకు అనిపించలేదు, ఎందుకంటే మోటారు నీళ్లు పోస్తూనే ఉండేది. తర్వాత నాగర్‌కర్నూల్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి, ‘ఎన్నిసార్లు పైకి తీశారు బిడ్డా?’ అని అడిగారు. నాన్నగారిని అడిగితే నాలుగుసార్లు తీశామని, ఒకసారి వైండింగ్ చేయించామని చెప్పారు. ఆ పెద్దాయన అడగకపోతే ఆ సంగతి నాకే తెలిసేది కాదు. ఆ సాయంత్రం ప్రకటనను ఇలా మార్చి రాశాను.

‘5 హెచ్‌పీ మోటారు. ఆరేళ్లు రెండెకరాల వరికి, ఆటో స్టార్టర్‌తో నడిచింది. 240 అడుగుల లోతు. నాలుగుసార్లు పైకి తీశాము. మూడో ఏట వైండింగ్, నిరుడు బుష్‌లు మార్పించాము, వైండింగ్ షాపు బిల్లు ఉంది. జల్లెడకు ఉప్పు పట్టి ఉంది, ఫొటో చూడండి. ఇప్పుడు బోరులోనే ఉంది, వచ్చి నీళ్లు పోస్తుండగా చూడవచ్చు, తీసే ఖర్చు కొనేవారిది.’

అంతకు ముందు రోజుకు ఏడెనిమిది ఫోన్లు వచ్చేవి, ఆ తర్వాత వారం మొత్తంలో నాలుగు వచ్చాయి. కానీ ఆ నలుగురూ నిజంగా కొనాలనుకున్నవారే. ఆ పెద్దాయనే కొన్నారు, ఇప్పటికీ మాట్లాడుకుంటాము.

రైతు సోదరుడికి ఒక విన్నపం. ఇకముందు ఏది కొన్నా, డబ్బు పంపే ముందు వాట్సాప్‌లో మీరే ఒక వాక్యం రాసి పంపండి. ‘ఈ మోటారు ఒక్క సీజన్ వాడినది, వైండింగ్ ఎప్పుడూ చేయించలేదు అని మీరు చెప్పారు, దాన్ని నమ్మి ఇంత డబ్బు పంపుతున్నాను’ అని రాసి, అవునని జవాబు వచ్చాకే డబ్బు పంపండి. మనసులో మరో మాట ఉన్నవారు ఆ వాక్యానికి జవాబు ఇవ్వరు. ప్రకటనను ఎప్పుడైనా మార్చవచ్చు గానీ, మీ ఫోన్‌లోకి వచ్చిన జవాబు మీ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న వేసినవారి జవాబు

ముగ్గురికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న మోటారును పట్టపగలు వెలుతురులో మళ్లీ చూశాను. అడుగున ఉన్న నాలుగు బోల్టుల్లో మూడింటికి మూలలు అరిగి ఉన్నాయి, నాలుగోది మిగతా వాటితో కలవని కొత్త బోల్టు. జల్లెడ తీసి చూస్తే లోపలి వైపు సున్నం గట్టిపడినట్టుగా పొర ఉంది, స్క్రూడ్రైవర్ జారిపోయింది. అన్నీ ఫొటోలు తీశాను, మెకానిక్ కాగితం రాసి సంతకం పెట్టాడు.

అమ్మకందారు ఖాతాలో ఇంకో మూడు మోటార్లు అమ్మకానికి ఉన్నాయి. రెండింటికి ‘బోరు ఎండిపోయినందున’ అనే రాశారు, ఒకదానిలో వాక్యం అక్షరం తేడా లేకుండా నేను చూసిన ప్రకటనలోదే. వాటి స్క్రీన్‌షాట్లు కూడా తీశాను. 1915లో నమోదు చేయించాను, సోమవారం న్యాయసేవాధికార సంస్థకు వెళ్తున్నాను.

వకీలు గారికి ఒక చిన్న సందేహం. నేను తీసిన మొదటి స్క్రీన్‌షాట్‌లో ప్రకటన తేదీ కనిపించడం లేదు. అది చెల్లుతుందా?

జవాబు: న్యాయవాది, నల్గొండ

మీరు దాన్ని బావమరిదికి పంపిన సమయం చాట్‌లో ఉంటుంది, డబ్బు పంపిన సమయం యూపీఐ వివరాల్లో ఉంటుంది. పంపింది ముందు, చెల్లింపు తర్వాత అని ఆ రెండూ కలిసి చూపిస్తాయి. ఆ చాట్‌ను చెరపకండి, ఆ ఫోన్‌ను మార్చకండి. కేసు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఒక ధ్రువపత్రం జతచేయాలి, అది నేను రాసిస్తాను. ఆ ప్రకటనల వేదిక ఫిర్యాదుల అధికారికి కూడా ఈ రోజే మెయిల్ పెట్టి, తీసేసిన ప్రకటన పాత రూపాన్ని భద్రపరచమని కోరండి. ఈ-కామర్స్ నియమాల ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. సోమవారం వచ్చేటప్పుడు మెకానిక్ రాసిన కాగితం అసలు ప్రతితో పాటు ఆ నాలుగో బోల్టును కూడా ఒక కవరులో పెట్టి తీసుకురండి.